చక్రం నట్టు బిగింపుకీ ఒక కొలత ఉంది

సంపాదకులకు నమస్కారం.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా లేదా అని మిషను ముందు నిలబడి అర శాతం కోసం గంటసేపు వాదిస్తాం. కాటా దగ్గర బస్తాకు అరకేజీ ఎక్కువ తరుగు తీసినా ఊరుకోం. అదే పంక్చర్ షాపు దగ్గర కారు ఆపితే మాత్రం, కుర్రాడు ఎయిర్ గన్ పెట్టి నాలుగు నట్లూ టర్రుమనిపించి "అయిపోయిందండి" అనగానే డబ్బులిచ్చి బయల్దేరిపోతాం. ఎంత బిగించాడో అతనికీ తెలియదు, మనకీ తెలియదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రాన్ని బండికి పట్టి ఉంచేవి ఆ నాలుగైదు నట్లే. వాటిని ఎంత బిగించాలో కారు తయారుచేసినవాళ్లు అంకె వేసి మరీ చెప్పారు. ఆ అంకెను కొలిచి బిగించే పానా పేరు టార్క్ రెంచ్. సంక్రాంతికి హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ కార్లు కోనసీమలో దిగే రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి, దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా వాడాలో మీ పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు ఆ అంకె సంగతి. బిగింపును న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పేరు చూసి బెదరక్కర్లేదు. పానాను అడ్డంగా, నేలకు సమాంతరంగా నిలిపి, నట్టు మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో 25 కేజీల బియ్యం బస్తా వేలాడదీశారనుకోండి. అప్పుడు నట్టు మీద పడేది దాదాపు 98 న్యూటన్ మీటర్లు. మన కార్ల చక్రాల నట్లకు కావలసింది కాస్త అటూ ఇటూగా ఇంతే. టొయోటా చాలా మోడళ్లకు 103 చెబుతుంది, హోండా 108, హ్యుందాయ్ కొత్త కార్లకు 107 నుంచి 127 దాకా, ఫోక్స్‌వ్యాగన్ పోలో వంటివాటికి 120. మారుతిలో మోడల్‌ను బట్టి 85, 100 కనిపిస్తాయి. ఇవన్నీ ఒక అంచనా కోసం చెప్పినవే. మీ కారు అంకె మీ కారు మాన్యువల్‌లోనే చూసుకోండి. అందులో కేజీ మీటర్లలో ఉంటే 9.8తో, అడుగు పౌండ్లలో ఉంటే 1.36తో హెచ్చవేస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి.

ఇప్పుడు మనం రోజూ చేసేది ఈ అంకెతో పోల్చి చూడండి. జాకీతో పాటు వచ్చిన వీల్ స్పానర్ చివర, నట్టుకు 30 సెంటీమీటర్ల దూరంలో 70 కేజీల మనిషి కాలు పెట్టి నిలబడితే 200 దాటిపోతుంది. ఎగిరి తొక్కితే ఇంకా ఎక్కువ. టైర్ల షాపుల్లో వాడే కొన్ని ఎయిర్ గన్‌లు 500 పైగా ఇవ్వగలవు. 100 కోసం తయారైన 12 మిల్లీమీటర్ల స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) మీద ఇంత బలం పెడుతున్నాం.

అతిగా బిగిస్తే ఏమవుతుంది? స్టడ్ చూడ్డానికి ఇనుప ముక్కే గానీ, పని చేసేది గట్టి స్ప్రింగులా. బిగించినప్పుడు వెంట్రుకవాసి సాగుతుంది, వెనక్కి లాక్కోవాలని చూస్తుంది, ఆ లాగుడే చక్రాన్ని హబ్‌కు (చక్రం కూర్చునే ఇరుసు చివరి భాగానికి) అదిమి పెడుతుంది. హద్దు దాటి సాగితే మరి వెనక్కి రాదు. అలాంటి స్టడ్‌ను వేళ్లతోనే పట్టేయొచ్చు. నట్టును చేత్తో ఎక్కించి తిప్పుతూ వెళ్లండి. ఆరేడు చుట్లు హాయిగా తిరిగి మధ్యలో ఒకచోట పట్టేస్తే, మరలో మట్టీ తుప్పూ లేకపోతే, అక్కడ మర సాగిందన్నమాట. దాన్ని మార్చేయాలి. ఒక నట్టు 200, పక్కది 90 బిగిస్తే ఇంకో బెడద ఉంది. బ్రేక్ డిస్కు ఒకవైపు లాగబడి సూక్ష్మంగా వంకర తిరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు నడిచాక బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు పాడైందని మార్పిస్తాం, కొత్త డిస్కునూ అదే గన్‌తో బిగిస్తారు, మళ్లీ వణుకు మొదలు. ఇక రాత్రివేళ 216 జాతీయ రహదారి మీద, చించినాడ వంతెన దాటాక టైరు పోతే? స్టెప్నీ ఉంటుంది, జాకీ ఉంటుంది, నట్టు మాత్రం ఊడదు. గన్‌తో బిగించినదాన్ని కారులో ఉన్న ఆ చిన్న స్పానర్‌తో ఆడవాళ్లో పెద్దవాళ్లో ఎలా ఊడదీస్తారు?

తక్కువ బిగిస్తే అంతకన్నా ప్రమాదం. చక్రం హబ్ మీద కంటికి కనిపించనంతగా కదులుతూ ఉంటుంది, నట్టు రంధ్రాలు అరిగి కోలగా అవుతాయి, స్టడ్‌లు వంగి నిగిడి, వంగి నిగిడి ఒక్కొక్కటే తెగుతాయి. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు చక్రం తిరిగే లెక్కలోనే టక్... టక్... అని వినిపిస్తే వెంటనే పక్కకు తీసి ఆపాలి. ఊరు చేరాక చూద్దాం అనుకోకూడదు.

పానా ఎంపికకు వద్దాం. మార్కెట్లో మూడు రకాలు ఎక్కువ. బీమ్ రకంలో ఒక కడ్డీ వంగుతుంది, పక్కన ముల్లు అంకెల మీద కదులుతుంది. పాడయ్యే భాగమంటూ పెద్దగా లేదు, కాకపోతే కన్ను సరిగ్గా ముల్లుకు ఎదురుగా ఉండాలి. పక్క నుంచి చూస్తే ఐదారు తేడా చూపిస్తుంది. వంగి చూడటానికి చోటులేని మూలల్లో ఇది పనికిరాదు. డిజిటల్ రకం అంకె చక్కగా చూపిస్తుంది గానీ, మన తీరం గాలికి బ్యాటరీ కొనలు చిలుము పడతాయి. ఇంటికి క్లిక్ రకమే మేలు. పెట్టిన అంకెకు చేరగానే టిక్కుమంటుంది, చేతికి చిన్న కుదుపు తెలుస్తుంది.

క్లిక్ రకంలో అరంగుళం కట్టుది (కట్టు అంటే సాకెట్ తొడిగే చదరపు కొన), 40 నుంచి 210 లేదా 28 నుంచి 210 వరకు కొలిచేది చక్రాలకు సరిపోతుంది. మంచిదే చిన్న కారు టైరు ధరలోపు దొరుకుతుంది. కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. పెట్టెలో టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం పరీక్షించిన సర్టిఫికెట్ ఉండాలి, దాని మీది సీరియల్ నంబరు పానా మీది నంబరు ఒకటే అయి ఉండాలి. ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం, అంటే తేడా అటూ ఇటూ 4 శాతం లోపే, అని రాసి ఉండాలి. పిడి తిప్పి అంకె మార్చి చూస్తే ఎక్కడా పట్టేయకుండా సాఫీగా తిరగాలి. ఒక్క పానాతోనే అన్ని పనులూ అయిపోతాయని మాత్రం అనుకోవద్దు. ఏ టార్క్ రెంచ్ అయినా తన గరిష్ఠ అంకెలో ఐదో వంతు నుంచి పైకే నమ్మదగినది. 210 పానాకు ఆ హద్దు 42. 20 కావలసిన స్పార్క్ ప్లగ్గును దీనితో బిగించబోతే టిక్కు వినిపించే లోపే మర జారిపోవచ్చు. ప్లగ్గులు, ఆయిల్ ఛాంబర్ నట్టు (పాత ఇంజిన్ ఆయిల్ దించే నట్టు) కూడా ఇంట్లోనే చేసుకునేవాళ్లు 10 నుంచి 60 లోపు పనిచేసే చిన్న కట్టు పానా విడిగా కొనుక్కోవాలి.

నట్టు మీద తొడిగే సాకెట్ ఆరు మూలలదే తీసుకోండి. పన్నెండు మూలలది తుప్పు పట్టిన నట్టు అంచులను గుండ్రంగా నమిలేస్తుంది. మారుతి, హోండా కార్లకు 19, హ్యుందాయ్, టొయోటాలకు ఎక్కువగా 21, పోలో వంటివాటికి 17 మిల్లీమీటర్లు. అలాయ్ చక్రాలకు గోడ పలచగా ఉన్న సాకెట్ అయితే రంధ్రం అంచు గీసుకుపోదు.

అంకె పెట్టడంలోనే చాలామంది తడబడతారు కాబట్టి దీన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం. 28–210 పానా గొట్టం మీద అడ్డగీతలు 14 చొప్పున పెరుగుతాయి. 28, 42, 56, 70, 84, 98, 112... పిడి అంచు మీద సున్నా నుంచి చిన్న అంకెలు, ఒక్కోటి ఒక న్యూటన్ మీటరు. 103 కావాలంటే ముందు పిడి అడుగున ఉన్న లాక్ వదులు చేయండి. పిడి అంచు 98 గీత దగ్గరకు, పిడి మీది సున్నా నిలువు గీతకు ఎదురుగా వచ్చేలా తిప్పండి. అక్కడి నుంచి పిడిని 5 దాకా తిప్పితే 103. మళ్లీ లాక్ బిగించండి. 40–210 పానాల్లో గీతలు సాధారణంగా 10 చొప్పున ఉంటాయి, పద్ధతి అదే. నిలువు గీతను పక్క నుంచి కాకుండా ఎదురుగా చూసి పెట్టుకోవాలి.

ఇక చక్రం పని. మన నల్లమట్టి నేలలో జాకీ దిగిపోతుంది, ఒక వారగా ఒరుగుతుంది కూడా. సిమెంటు చప్టా లేకపోతే జాకీ కింద అంగుళంన్నర మందం చెక్క వేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, ఎదురు మూల చక్రానికి అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టండి. బండి నేల మీద ఉండగానే మామూలు స్పానర్‌తో నట్లు పావు చుట్టు వదులు చేయండి. ఊడదీయడానికి టార్క్ రెంచ్ వాడొద్దు, ఎప్పుడూ వాడొద్దు. పట్టేసిన నట్టు మీద ఒక్కసారి గట్టిగా లాగితే లోపలి స్ప్రింగు లెక్క మారిపోతుంది. పైకి ఏమీ కనబడదు, టిక్కు మాత్రం తప్పు అంకె దగ్గర వస్తుంది.

చక్రం ఊడదీశాక మన ప్రాంతంలో తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పుగాలి. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఉప్పునీళ్లు. వరదల్లో లంకల కాజ్‌వేల మీద టైరు సగం దాకా నీళ్లలో నడిచిన బండ్లూ ఉంటాయి. వీటన్నిటికీ హబ్ ముఖం మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పొర మీదే చక్రం పెట్టి 100 బిగిస్తే టిక్కు వస్తుంది. కానీ పది కిలోమీటర్లు నడిచేసరికి ఆ పొర నలిగి పొడి అవుతుంది, అది పట్టుకున్నంత సందు మిగులుతుంది, నట్టు వదులవుతుంది. కాబట్టి హబ్ ముఖం, చక్రం లోపలి ముఖం, నట్టు కూర్చునే రంధ్రపు వాలు, ఈ మూడూ వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది పొడిగుడ్డతో తుడవాలి. అలాయ్ చక్రం హబ్‌కు అతుక్కుపోయే బాధ ఉంటే, మధ్యలో పొడుచుకొచ్చిన హబ్ అంచుకు మాత్రం పలచగా గ్రీజు రాయొచ్చు. స్టడ్‌లకు మాత్రం రాయకూడదు.

తుప్పు పట్టకుండా స్టడ్‌లకు పాత ఇంజిన్ ఆయిల్ రాయడం ఇక్కడ బాగా అలవాటు. ఇది ఆపాలి. నట్టు తిప్పేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు పదోవంతే స్టడ్‌ను సాగదీయడానికి పోతుంది. మిగతాదంతా మరల్లో, నట్టు వాలు దగ్గర రాపిడికే ఖర్చు. ఆయిల్ రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే 100 దగ్గర స్టడ్ మీద లాగుడు 20, 30 శాతం పెరిగిపోతుంది. పానా 100 అనే చెబుతుంది, స్టడ్ మాత్రం 130 బిగించినంత బాధ పడుతుంది. మర తుప్పు పట్టి ఉంటే దీనికి ఎదురు తిరుగుతుంది. రాపిడి ఎక్కువై ముందే టిక్కు వచ్చేస్తుంది, చక్రం సరిగ్గా పట్టి ఉండదు. మాన్యువల్ అంకె శుభ్రమైన పొడి మరకు ఇచ్చింది. స్టడ్‌లను బ్రష్షుతో రుద్ది, పొడిగానే వదిలేయండి.

ఇప్పుడు నట్లన్నీ వేళ్లతో ఎక్కించండి. చక్రాన్ని ఒక చేత్తో హబ్‌కు అదిమి పట్టి, స్పానర్‌తో ఎదురెదురుగా తేలిగ్గా బిగించి సరిగ్గా కూర్చోబెట్టండి. తర్వాత జాకీ దించండి, టైరు నేలకు ఆని తిరగకుండా ఉంటే చాలు. టార్క్ రెంచ్‌ను ముందు 60 దగ్గర పెట్టి ఒక దఫా, తర్వాత అసలు అంకె పెట్టి రెండో దఫా. నాలుగు నట్లయితే ఒకటి, దానికి ఎదురుది, తర్వాత పక్కది, దానికి ఎదురుది. ఐదు నట్లయితే పిల్లలు చెయ్యి ఎత్తకుండా నక్షత్రం గీసే వరసలో. ఒక చేత్తో సాకెట్ మీద పానా తలను ఆనించి పట్టుకుని, రెండో చెయ్యి పిడి మధ్యలో ఉంచి నెమ్మదిగా లాగాలి. చెయ్యి పిడి చివరకో ముందుకో జరిగితే కొన్ని పానాల్లో అంకె తేడా వస్తుంది, పైపు తొడిగితే ఇక లెక్కే లేదు. పానాకూ సాకెట్‌కూ మధ్య నిలువు ఎక్స్‌టెన్షన్ కడ్డీ వేసుకుంటే మాత్రం అంకె మారదు. టిక్కుమనగానే ఆపేయండి. "ఇంకొక్కసారి" అంటూ మూడుసార్లు టిక్కుమనిపిస్తే ప్రతిసారీ కొంచెం కొంచెం ఎక్కువే బిగుస్తుంది.

బిగించాక 50, 100 కిలోమీటర్ల మధ్యలో మళ్లీ ఒకసారి చూసుకోవాలి. అమలాపురంలో చక్రం మారిస్తే రాజమహేంద్రవరం చేరాక, చక్రాలు చల్లారనిచ్చి, అదే అంకె దగ్గర ఒక్కో నట్టుకు ఒక్క టిక్కు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. టిక్కు వచ్చిందంటే ఆ నట్టు కనీసం అంత బిగిసి ఉందని మాత్రమే. 250 బిగించిన నట్టు కూడా 100 దగ్గర టిక్కే అంటుంది. షాపువాళ్ల పని సరిచేయాలంటే బండి నేల మీద ఉండగా ఒక్కో నట్టునూ మామూలు స్పానర్‌తో అర చుట్టు వదిలి, టార్క్ రెంచ్‌తో బిగించి, అప్పుడే ఎదురు నట్టుకు వెళ్లాలి.

చక్రాలు మార్చి కొత్త అలాయ్‌లు వేయించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. హోండా అసలు చక్రాల నట్టు అడుగు గోళం ఆకారంలో ఉంటుంది, బయట దొరికే చాలా అలాయ్‌లకు కావలసింది శంఖువు ఆకారం. పాత నట్లే వాడితే పానా టిక్కుమంటుంది గానీ, నట్టు సన్నని అంచు మీదే ఆని ఉంటుంది. నట్టు విప్పి వాలు చూడండి. చుట్టూ సమానంగా మెరిసే పట్టీ ఉండాలి, సన్నని గీత మాత్రమే మెరుస్తుంటే నట్లు తప్పు.

ఇంజిన్ పనుల గురించి క్లుప్తంగా. స్పార్క్ ప్లగ్గులు ఇంజిన్ చల్లారాకే తీయాలి. 14 మిల్లీమీటర్ల మర ఉన్న వాషర్ ప్లగ్గుకు 25 నుంచి 30, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20, 10 మిల్లీమీటర్లదానికి 10 నుంచి 12. మొదటి చుట్లు రబ్బరు పైపు ముక్కతో తిప్పితే, మర అడ్డం పడినప్పుడు పైపే జారి హెచ్చరిస్తుంది. ఆయిల్ ఛాంబర్ నట్టు చాలా కార్లలో 35, 40 దగ్గర ఉంటుంది. దాని వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి, పాత వాషర్‌తో కారుతోందని ఇంకా బిగిస్తే పోయేది ఛాంబర్ మరే. సిలిండర్ హెడ్ బోల్టులకు టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలనే లెక్క ఉంటుంది, వాటి జోలికి ఇంట్లో వెళ్లొద్దు.

పానా సరిగ్గా చెబుతోందో లేదో ఏడాదికోసారైనా చూడాలి. ఏడాదికి లేదా 5,000 టిక్కులకు, ఏది ముందైతే అప్పుడు, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించడం సరైన పద్ధతి. ఈలోగా ఇంట్లో చేయగలిగిన పరీక్ష మొదట చెప్పిన బియ్యం బస్తాదే. పానా కట్టును బెంచి వైస్‌లో బిగించి పానాను అడ్డంగా నిలపండి. కట్టు మధ్య నుంచి పిడి మధ్యకు దూరం కొలవండి, 40 సెంటీమీటర్లు అనుకుందాం. కిరాణా కాటా మీద సరిగ్గా 25 కేజీలు తూచిన బస్తాను అక్కడ తాడుతో మెల్లగా వదలండి. బస్తాకు 98, కేజీన్నర పానా బరువుకు మరో 3, మొత్తం 101. పానాను 95 దగ్గర పెడితే టిక్కుమనాలి, 107 దగ్గర పెడితే అనకూడదు. రెండింట్లో ఏది తప్పినా చక్రాలకు వాడొద్దు.

పని అయ్యాక పిడిని కనిష్ఠ అంకెకు తెచ్చి పెట్టెలో పెట్టండి. అంతకన్నా కిందికి తిప్పితే లోపలి భాగాలు జరిగిపోతాయి, 100 దగ్గరే వదిలేస్తే స్ప్రింగు అలసిపోతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి, ఆయిల్ గుడ్డతో పైపైన తుడవండి. మిగతా పనిముట్లలా కిరోసిన్‌లో, డీజిల్‌లో ముంచి కడిగితే లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. డిక్కీలో ఎండకూ చెమ్మకూ పడేయొద్దు. నెలల తర్వాత తీస్తే, అసలు పనికి ముందు మధ్య అంకెలో నాలుగైదుసార్లు టిక్కుమనిపించండి, లోపలి గ్రీజు సర్దుకుంటుంది.

ఇంటింటికీ ఒకటి కొనమనడం లేదు. వీధికి ఒకటి, అపార్ట్‌మెంటుకు ఒకటి చాలు. టైర్ల షాపుల యజమానులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. గన్‌తో నట్లు కూర్చోబెట్టుకోండి, చివరి బిగింపు మాత్రం టార్క్ రెంచ్‌తో చేసి, ఆ అంకె బిల్లు మీద రాయండి. ఉభయ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు పండక్కి ముందు రెండు రోజులు జనం పానాలను పరీక్షించి ఇస్తే విద్యార్థులకూ పాఠం అవుతుంది. మీ వాహనాల పేజీలో మోడల్ వారీగా నట్ల అంకెల పట్టిక ఒకటి వేయగలిగితే, కత్తిరించి కారు గ్లవ్ బాక్సులో పెట్టుకుంటారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
అమలాపురం